కరెంటు బస్సులు వచ్చేలోపే మా గ్యారేజీ వాళ్లకు పని నేర్పించండి

గౌరవనీయులైన రాష్ట్ర రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను నెల్లూరు ఆర్టీసీ గ్యారేజీలో డీజిల్ ఇంజిన్ల మీద పనిచేసి రిటైరైన మెకానిక్‌ని. 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవ పథకం కింద మన రాష్ట్రానికి ఇచ్చే ఎలక్ట్రిక్ బస్సుల్లో నెల్లూరుకూ వాటా ఉంది. చాలా సంతోషం. డీజిల్ పొగ సంగతి గ్యారేజీలో బతికినవాళ్లకు ఇంకొకరు చెప్పాలా? అయితే బస్సుల గురించి, చార్జింగ్ స్టేషన్ల గురించి ఎన్నో వార్తలు వస్తున్నాయి గానీ, ఆ బస్సు కిందికి దూరి పనిచేసే మనిషి గురించి ఎక్కడా ఒక్క ముక్క కనబడలేదు. అందుకే ఈ ఉత్తరం.

డీజిల్ బస్సులో వైరింగ్ అంతా 24 వోల్టులే. మా వాళ్లు చేతి ఉంగరం కూడా తీయకుండా పనిచేస్తారు. ఎలక్ట్రిక్ బస్సు నడిపే బ్యాటరీలో వందల వోల్టుల డీసీ కరెంటు ఉంటుంది. నారింజ రంగు కేబుల్ కనబడిందంటే అది ప్రాణం తీసే లైను. తాళం చెవి తిప్పి బండి ఆపేసినంత మాత్రాన కరెంటు పోదు. బ్యాటరీ లైను తెంపే సర్వీస్ ప్లగ్ పీకాలి, దాన్ని పనిచేసేవాడు తన దగ్గరే ఉంచుకోవాలి. బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే ఇన్వర్టర్‌లో నిలిచిన చార్జ్ దిగేదాకా కంపెనీ చెప్పినంతసేపు ఆగాలి. మీటరు పెట్టి సున్నా చూపించాకే చెయ్యి పెట్టాలి. హై వోల్టేజి రబ్బరు గ్లౌజులకు చిల్లు ఉందేమో వేసుకునే ముందు ప్రతిసారీ గాలి నింపి చూసుకోవాలి. ఇదంతా ఒక సర్క్యులర్ నోటీసు బోర్డుకు అంటిస్తే వచ్చేది కాదండీ. పక్కన నిలబడి చేయించాలి. మెకానిక్‌కే కాదు, నీళ్ల పైపుతో బస్సు కడిగే శ్రామిక్‌కు (గ్యారేజీ సహాయకుడికి) కూడా ఎక్కడ నీళ్లు కొట్టకూడదో తెలియాలి.

అలాగని మా వాళ్లు ఓనమాల నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. ఎయిర్ బ్రేకులు, సస్పెన్షన్, స్టీరింగ్, టైర్లు, తలుపులు, బాడీ పని వాళ్లకు కొట్టిన పిండే. మారేది ఇంజిను, క్లచ్, గేర్‌బాక్సు, డీజిల్ పంపు. ఆ మారే భాగం నేర్పిస్తే చాలు.

డ్రైవర్ల విషయానికి వస్తే, కేఎంపీఎల్ (లీటరుకు వచ్చే కిలోమీటర్లు) కోసం డీజిల్‌ను చుక్క చుక్కా ఎలా మిగల్చాలో వాళ్లకు తెలుసు. కరెంటు బస్సులో ఆ నేర్పు ఇంకో రకంగా ఉండాలి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు ముందుగానే తీస్తే మోటారే జనరేటరై బ్యాటరీకి కొంత చార్జ్ తిరిగి పంపుతుంది. ఆఖరి నిమిషంలో గట్టిగా బ్రేకు తొక్కితే అందులో చాలావరకు వేడిగా పోతుంది. పైగా మోటారు ఆగిన చోటి నుంచే పూర్తి బలంతో లాగుతుంది. డీజిల్ అలవాటుతో పెడల్ నొక్కితే నిలబడ్డవాళ్లు పడిపోతారు. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం మొదలైనప్పటి నుంచి బస్సుల్లో ఎంతమంది ఆడవాళ్లు నిలబడి వెళుతున్నారో మీకు తెలియనిది కాదు. చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి ఆ కుదుపుకు పడితే, తప్పు డ్రైవరుదా, నేర్పకుండా బస్సు ఇచ్చినవాళ్లదా?

2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయింది. మాది అలాంటి ఊరు. నీళ్లలో బస్సు ఆగిపోతే కరెంటు కట్ చేసే స్విచ్ ఎక్కడుంది, ప్రయాణికులను ఎటు దింపాలి, బ్యాటరీ నుంచి పొగ వస్తే జనాన్ని ఎంత దూరం జరపాలి అన్నవి డ్రైవరుకూ, కండక్టరుకూ, స్థానిక ఫైర్ స్టేషన్ వాళ్లకూ ముందే తెలిసి ఉండాలి. ఆరిపోయిందనుకున్న లిథియం బ్యాటరీ కొన్ని గంటల తర్వాత కూడా మళ్లీ అంటుకోవచ్చు.

అసలు బాధ ఇంకోటుంది. 2022 సెప్టెంబరులో తిరుపతిలోని అలిపిరి డిపో నుంచి మొదలైన 100 ఎలక్ట్రిక్ బస్సుల పద్ధతిలో, కిలోమీటరుకు ఇంత అని ఆర్టీసీ కట్టాలి. బస్సు, డ్రైవరు, మెయింటెనెన్స్ అన్నీ కంపెనీవే. పీఎం ఈ-బస్ సేవ కూడా ప్రైవేటు భాగస్వామ్యంతోనే. కాంట్రాక్టు ముగిసే రోజున బస్సు గురించి తెలిసినవాడు ఆర్టీసీలో ఒక్కడూ లేకపోతే, కంపెనీ ఎంత రేటు చెబితే అంతకు తలూపాల్సి వస్తుంది. 2020 జనవరి 1 నుంచి మా వాళ్లు ప్రభుత్వ ఉద్యోగులు. డీజిల్ బస్సులు తగ్గేకొద్దీ వాళ్లను గ్యారేజీలో ఊరికే కూర్చోబెడతారా?

కాబట్టి నా విన్నపం ఇదీ. మొదటి బస్సు నెల్లూరు రాకముందే నెల్లూరు, కావలి, ఒంగోలు గ్యారేజీల నుంచి మెకానిక్‌లను, శ్రామిక్‌లను అలిపిరి లాంటి చోటికి పంపించి, నడుస్తున్న బస్సుల మీద పని చేయించండి. ఆ రోజులను ఆన్ డ్యూటీగానే లెక్కించండి. పాఠాలు, పరీక్ష తెలుగులో పెట్టండి. రిటైర్మెంటు దగ్గరపడిందని పెద్దవాళ్లను పక్కన పెట్టకండి, కుర్రవాళ్లకు చెప్పేది వాళ్లే. ఐటీఐల్లో ఎలక్ట్రిక్ వెహికల్ మెకానిక్ ట్రేడ్ చదివే పిల్లలను మా గ్యారేజీల్లో అప్రెంటిస్‌లుగా తీసుకోండి. కంపెనీతో రాసుకునే ఒప్పందంలో ఆర్టీసీ మెకానిక్‌లు వాళ్ల పక్కన పనిచేయాలనీ, మాన్యువల్స్, లోపాలు పట్టే సాఫ్ట్‌వేర్ ఆర్టీసీకి కూడా ఇవ్వాలనీ ఒక షరతు పెట్టండి. సంతకాలు అయ్యాక అడిగితే ఎవరూ ఇవ్వరు. ఇప్పటికే అయిపోయి ఉంటే, అనుబంధ ఒప్పందంగానైనా రాయించండి.

ఇట్లు,
ఆర్టీసీ రిటైర్డ్ మెకానిక్,
నెల్లూరు