ఆరోగ్య శాఖ మంత్రి గారికి: మా ఆయన జబ్బు పేరు మీ జాబితాలో లేదు

అయ్యా, నమస్కారం.

సోమవారం గ్రీవెన్స్‌లో మూడుసార్లు అర్జీ ఇచ్చాను. మూడుసార్లూ సమస్య పరిష్కారమైందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందో చెప్పినవాళ్లు లేరు. అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

మా ఆయన దర్జీ. మూడేళ్ల కిందట కుడిచేతిలోంచి కత్తెర జారిపోవడం మొదలైంది. మెడ నరం అన్నారు, షుగర్ అన్నారు. మోటార్ న్యూరాన్ డిసీజ్, అంటే కండరాలను కదిలించే నరాలు చచ్చిపోయే జబ్బు అని తేలేసరికి 11 నెలలు పోయాయి. ఇప్పుడు చేతులు లేవవు, మాట లేదు. గ్లాసు రాగిజావ చెంచాతో పట్టడానికి ముప్పావు గంట.

పింఛను రీవెరిఫికేషన్‌కు రమ్మంటే 40 కిలోమీటర్లు ఆటోలో తీసుకెళ్లాం. మెడ నిలవదు కదా, దారి పొడవునా మా అబ్బాయి రెండు చేతులతో తల పట్టుకునే కూర్చున్నాడు. క్యాంపులో డాక్టరు గారు 'పక్షవాతమా?' అన్నారు. కాదండీ అన్నాను. 'కండరాల క్షీణతా?' అదీ కాదు. 15,000 పింఛనుకు ఆ పేర్లే ఉన్నాయట. సర్టిఫికెట్ మీద 'తాత్కాలికం' అని రాసి, ఏడాది తర్వాత మళ్లీ తీసుకురమ్మన్నారు.

ఈ జబ్బు వచ్చినవాళ్లలో ఎక్కువమంది 2 నుంచి 5 ఏళ్లే ఉంటారు. పోయిన కండ తిరిగి రాదు. ఏడాది తర్వాత ఏం చూద్దామని రమ్మన్నారయ్యా?

2016 దివ్యాంగుల చట్టంలో దీర్ఘకాలిక నరాల జబ్బులు 'వంటివి' అని రెండు పేర్లు రాశారు, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్. ఆ 'వంటివి'లో మేమూ ఉన్నామని క్యాంపుల్లో కూర్చునే డాక్టర్లకు మీరే చెప్పాలి. జాబితాలో పేరు చేర్చండి. మంచం దిగలేనివాళ్లను ఇంటికొచ్చి చూడమనండి. రాత్రి ఊపిరికి బైపాప్ మెషిన్ అద్దెకు తెచ్చాం, కరెంటు పోతే ఇన్వర్టర్ ఎంతసేపు ఆగుతుందోనని ఒకటే టెన్షన్. జిల్లా ఆసుపత్రుల్లో అలాంటి బైపాప్ మెషిన్లు నాలుగు పెట్టినా మాలాంటివాళ్లకు ఊపిరి పోసినవారవుతారు.

ఆ రోజు క్యాంపులో అందరూ ఆయనతో చెవిటివాడితో మాట్లాడినట్టు గట్టిగా అరిచి మాట్లాడారు. ఇంటికొచ్చాక అక్షరాల అట్ట ముందు పెట్టాను. నేను ఒక్కో అక్షరం మీద వేలు పెడితే, కావలసినచోట ఆయన రెప్పవేస్తారు. తర్వాత దాని గుణింతం మొదటినుంచీ చదవాలి. చాలాసేపటికి రెండు మాటలు పూర్తయ్యాయి: 'నాకు వినిపిస్తుంది.'

ఇట్లు,
ఒక దర్జీ భార్య