ఏడాది పొడవునా విత్తవచ్చని అమ్మిన ఇంటితోట విత్తనాల కిట్టుపై ఫిర్యాదు

హనుమకొండ,
నవంబరు 24

వినియోగదారుల సేవా విభాగం మేనేజరు గారికి,

నమస్కారం. మే నెలాఖరులో మీ వెబ్‌సైటులో పూలు, కూరగాయల విత్తనాల కిట్టు ఒకటి 1,499 రూపాయలకు కొన్నాను. ప్రతి ప్యాకెట్టు మీదా ‘విత్తే కాలం: జనవరి నుంచి డిసెంబరు’ అని అచ్చువేశారు. బెండకూ అదే, కాలీఫ్లవరుకూ అదే, బంతికీ అదే. ఈ ఫిర్యాదుకు మూలం ఆ ఒక్క ముక్కే. ప్రతి విత్తనానికీ ఒక అదను ఉంటుంది. విత్తనాలు అమ్ముకుని బతికే కంపెనీకి ఆ సంగతి తెలియదంటే నేను నమ్మను.

మృగశిర కార్తెలో తొలకరి పడగానే మిద్దె మీద బెండ, బీర, చిక్కుడు పెట్టాను. బెండ బాగా కాసింది, కాదనను. బీర కూడా పందిరి నిండా అల్లుకుని తినగలిగినన్ని కాయలు ఇచ్చింది. అసలు బాధ చిక్కుడు దగ్గర మొదలైంది.

మన ఇళ్లలో పందిరికి పాకించే చిక్కుడు పగటిపొద్దు తగ్గితే గాని పూతకు రాదు. జూన్‌లో పెట్టినా, ఆగస్టులో పెట్టినా కాయ కోసేది చలికాలంలోనే. పొద్దుతో పని లేకుండా కాసే పొట్టి రకాలూ ఉన్నాయి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క జయ్, అర్క విజయ్ అలాంటివే. మీరు పంపింది ఆ రకం కాదు, నిలువెత్తు పందిరి కూడా చాలని తీగ. దాని ప్యాకెట్టు మీదేమో ‘60 రోజుల్లో మొదటి కోత’ అని ఉంది.

మా పక్కింటి అమ్మాయి కూడా అదే కిట్టు కొంది. తోటపని ఆమెకు కొత్త. మీ ప్యాకెట్టు మాట నమ్మి రోజులు లెక్కపెట్టుకుంది. పూత రాకపోయేసరికి ఎరువు వేసింది, మందు కొట్టింది, చివరికి సెప్టెంబరులో తీగను మొదలంటా పీకేసింది. తన చేతికి మొక్క రాదనుకుని మిగతా కుండీలు కూడా ఖాళీ చేసి మెట్ల కింద బోర్లించింది. అదే లాట్ నంబరు, అంటే అదే విడత విత్తనంతో పెరిగిన నా తీగకు ఇప్పుడు గుత్తులు గుత్తులుగా ఊదారంగు పూత ఉంది. నా డబ్బు పోయినందుకన్నా ఆ అమ్మాయికి జరిగినదానికే నాకు ఎక్కువ కోపంగా ఉంది. చిక్కుడు ఎప్పుడు కాస్తుందో ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే భాగ్యం అందరికీ ఉండదు. అలాంటివారికి ప్యాకెట్టు మీది రాతే దిక్కు.

కాలీఫ్లవరు ప్యాకెట్టు మీద రకం పేరే లేదు. జూన్‌లో మీ సహాయ కేంద్రానికి ఫోను చేసి ఏ రకమని అడిగాను. “ఏ నెలలోనైనా వేసుకోవచ్చు మేడమ్” అన్నారు తప్ప పేరు చెప్పలేదు. కాలీఫ్లవరులో రకాన్ని బట్టే కాలం. పూసా మేఘన వంటి తొలి రకాలు వేడిని తట్టుకుని పువ్వు కడతాయి. పూసా స్నోబాల్ కె-1 వంటి చివరి రకాలకు మంచి చలి తగలాలి. ఒకదాని అదనులో మరొకటి వేస్తే ఆకులే పెరుగుతాయి, లేదా గుండీ అంత పువ్వు కట్టి ఆగిపోతుంది. జూన్‌లో నారు పోసిన నా మొక్కలు నవంబరు వచ్చినా ఆకులతోనే ఉన్నాయి.

బంతి సంగతి ఇంతకంటే ఘోరం. బతుకమ్మకు ఇంటి బంతిపూలు పేర్చాలని మా ఇంట్లో అందరికీ ఆశ. నారు పోస్తే అక్కడొకటి ఇక్కడొకటి తప్ప మొలవలేదు. అదే మట్టిలో, అదే రోజు, పక్క కుండీలో చల్లిన మా ఇంటి పాత బంతి గింజలు వారంలోగా మొలిచాయి. అనుమానం వచ్చి ప్యాకెట్టును వెలుతురుకు పట్టి చూస్తే మొలక పరీక్ష తేదీ ఉన్నచోట తెల్లని స్టిక్కరు కనిపించింది. తడిబట్టతో నానబెట్టి మెల్లగా తీశాను. పైన ఈ ఏడాది మార్చి, కింద రెండేళ్ల కిందటి ఫిబ్రవరి. తేదీ మార్చింది మీరా, మీ పంపిణీదారా అన్నది మీరు తేల్చుకోండి. నాకు మాత్రం అమ్మింది మీరే.

ఇంకొకటి. బీర గింజలకు గులాబీ రంగు పొడి పట్టించి ఉంది. గింజలు పెట్టడంలో సాయం చేసిన మా మనవరాలి అరచేతులు, గోళ్ల సందులు ఎర్రబడ్డాయి. వెంటనే సబ్బుతో కడిగించాను. తెగుళ్లు రాకుండా గింజలకు ఇలా విత్తనశుద్ధి మందు పట్టించడం తప్పు కాదు. కానీ దాని పేరు, హెచ్చరిక ప్యాకెట్టు మీద ఎక్కడా లేవు. పైగా అట్టపెట్టె మీద పిల్లలు విత్తనాలు నాటుతున్న బొమ్మ వేశారు!

అక్టోబరులో ఇవన్నీ ఈమెయిలులో రాస్తే “మీ మట్టిలో పోషకాలు తక్కువై ఉండవచ్చు” అని జవాబిచ్చి, తదుపరి కొనుగోలుపై 10 శాతం తగ్గింపు కూపను పంపారు. ఆ కూపను నాకు అవసరం లేదు. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, వేపపిండి కలిపిన ఆ మట్టిలోనే మీ బెండ కాసింది.

1966 విత్తన చట్టం, 1968 నాటి నిబంధనలు లేబులు మీద రకం పేరు, లాట్ నంబరు, మొలక శాతం, పరీక్ష తేదీ ఉండాలంటున్నాయి. మందు పట్టిస్తే ఆ మందు పేరు, హెచ్చరిక కూడా ఉండాలి. నేను అడిగేది అంతకు మించి ఏమీ కాదు.

నా 1,499 రూపాయలు, పక్కింటి అమ్మాయి డబ్బు వెనక్కి ఇవ్వండి. ఆమె బిల్లు కూడా జత చేస్తున్నాను. బీర గింజలకు పట్టించిన మందు ఏమిటో రాతపూర్వకంగా తెలపండి. స్టిక్కరు వేసిన బంతి లాటును అమ్మకం నుంచి తీసేయండి. ఇకపై ప్రతి ప్యాకెట్టు మీదా రకం పేరు, తెలుగు రాష్ట్రాల్లో విత్తే నెలలు తెలుగులో అచ్చువేయండి.

15 రోజుల్లో సమాధానం రాకపోతే 1915 నంబరులోని జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి, వ్యవసాయ శాఖ విత్తన తనిఖీ అధికారికి ఫిర్యాదు చేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. 5 లక్షల రూపాయలలోపు కొనుగోళ్లకు రుసుము కూడా లేదు.

ఖాళీ ప్యాకెట్లు, ఊడదీసిన స్టిక్కరు, మిగిలిన బీర గింజలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. వాటి ఫొటోలు, బిల్లుల నకళ్లు దీనితో పంపుతున్నాను. అసలువి ఏ అధికారి అడిగితే ఆ అధికారికి అప్పగిస్తాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు