ఉలురు కోచ్ టూర్‌కి వచ్చేవాళ్లందరికీ

అందరికీ నమస్కారం. ఆస్ట్రేలియా నడిమధ్యలో ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్ ఊరి నుంచి ఉలురు అనే పెద్ద ఎర్రరాతి కొండకి రోడ్డు మీద దాదాపు 450 కిలోమీటర్లు. కోచ్ తెల్లవారుజామునే బయల్దేరుతుంది, దయచేసి ఎవరూ లేటు చేయొద్దు. దారిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. ఇండియాలో అమ్మానాన్నలకి ముందే చెప్పి ఉంచండి, ఫోన్ కలవకపోతే వాళ్లకి టెన్షన్.

దారిలో వచ్చే ఎర్ల్‌డండా కూడలి దాటాక ఎడమవైపు బల్లపరుపు కొండ ఒకటి కనబడుతుంది. చాలామంది అదే ఉలురు అనుకుని ఫోటోలు తీసేస్తారు. అది మౌంట్ కానర్.

జులై అంటే ఇక్కడ చలికాలం కదా, పగలు హాయిగా ఉన్నా రాత్రి ఉష్ణోగ్రత సున్నాకి దిగొచ్చు. సూర్యోదయం కోసం చీకట్లో బయట నిలబడాలి కాబట్టి స్వెటర్, మంకీ క్యాప్ మర్చిపోవద్దు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఉలురు అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకి పవిత్ర స్థలం. 2019 అక్టోబరు 26 నుంచి ఎక్కడం పూర్తిగా నిషేధం. కొన్ని చోట్ల ఫోటోలు తీయొద్దని బోర్డులుంటాయి, మన గుళ్లో గర్భగుడి దగ్గర పాటించినట్టే పాటిద్దాం. పిల్లల్ని చిన్న రాయి కూడా జేబులో వేసుకోనివ్వకండి. అలా పట్టుకెళ్లిన వాళ్లు ఎందరో తర్వాత క్షమాపణ ఉత్తరం రాసి మరీ పోస్టులో తిప్పి పంపారు.

ఉలురు చుట్టూ నడక 10 కిలోమీటర్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు దిగులు పడక్కర్లేదు, ముటిజులు నీటిమడుగుకి రానూపోనూ ఒక కిలోమీటరే, దారి చదునుగా ఉంటుంది. గుహ గోడల మీద పాత బొమ్మలు కూడా అక్కడే చూడొచ్చు, తాకకండి.

వెజ్ భోజనం కావాల్సినవాళ్లు శుక్రవారం లోపు ఇక్కడే పేరు పెట్టండి.