బాల్టిక్ దేశాల్లో మమ్మల్ని ఆదుకున్నవారికి కృతజ్ఞతలు

గత జూన్‌లో నేనూ మా చెల్లెలూ వీపున చెరొక బ్యాక్‌ప్యాక్ వేసుకుని లిథువేనియా, లాత్వియా, ఎస్టోనియా దేశాల్లో పన్నెండు రోజులు తిరిగి వచ్చాము. వచ్చినప్పటి నుంచి బంధువులూ, నాతో పనిచేసేవారూ, ముఖపరిచయం మాత్రమే ఉన్నవారూ కూడా ఒకే ప్రశ్న అడుగుతున్నారు: బసా, భోజనమూ, బస్సు టికెట్లూ అన్నీ కలిపి మనిషికి 430 యూరోలతో ఎలా సరిపెట్టుకోగలిగారు అని. నా నోటు పుస్తకంలో ప్రతి సెంటుకూ లెక్క ఉంది. అడిగినవారికి చూపిస్తూనే ఉన్నాను. ఆ లెక్క చూసినవారు మమ్మల్ని పొదుపు తెలిసినవాళ్ళమని మెచ్చుకుంటున్నారు. కానీ ఆ పుస్తకంలో సున్నా అని రాసి ఉన్న ప్రతి చోటా మాకు బదులుగా ఇంకెవరో ఖర్చు భరించారు. కొందరు డబ్బు పెట్టారు, కొందరు సమయం ఇచ్చారు, ఒక కుటుంబమైతే ఏడాదికి ఒక్కసారి వచ్చే తమ పండుగ రాత్రిని మాతో పంచుకుంది. వారికి నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోకుండా ఆ లెక్కను చూపించడం నాకు తప్పుగా తోస్తోంది. తమ పేర్లు రాయవద్దని వారిలో కొందరు కోరినందువల్ల ఎవరి పేరూ ఇక్కడ రాయడం లేదు.

మా చెల్లెలు జర్మనీలో ఎం.ఎస్. చదువుతోంది. నేను హనుమకొండ నుంచి తన దగ్గరికి షెంగెన్ వీసా మీద, అంటే యూరప్‌లోని చాలా దేశాలకు ఒక్కటే పనికొచ్చే వీసా మీద, వెళ్ళాను. ఈ మూడు దేశాలూ 2007 డిసెంబరు 21న షెంగెన్‌లో చేరాయి. యూరో ఎస్టోనియాలో 2011లో, లాత్వియాలో 2014లో, లిథువేనియాలో 2015లో అమలులోకి వచ్చింది. అందువల్ల మరొక వీసా రుసుము కట్టకుండా, నోట్లు మార్పించుకోవడంలో నష్టపోకుండా మూడు దేశాలూ చూడవచ్చని అనుకున్నాము. మాకు మేముగా తెలుసుకున్నది అంతవరకే.

మిగతాది చెప్పినది లాత్వియా రాజధాని రీగాలో ఇంజనీరింగ్ చదువుతున్న ఖమ్మం తమ్ముడు. అతను మాకు చుట్టం కాదు. చెల్లెలి స్నేహితురాలికి తెలిసినవాడు, అంతే. పరీక్షలు నడుస్తున్న రోజుల్లో రెండు సాయంత్రాలు ఫోనులో కూర్చుని మా ప్రయాణమంతా అతనే దిద్దిపెట్టాడు. రాజధానికీ రాజధానికీ మధ్య దూరం దాదాపు 300 కిలోమీటర్లనీ, బస్సులో నాలుగు గంటలకు కాస్త అటూ ఇటూగా పడుతుందనీ, వారాల ముందే కొంటే టికెట్ చౌకగా దొరుకుతుందనీ, లిథువేనియా రాజధాని విల్నియస్ నుంచి రీగాకు 2023 డిసెంబరు నుంచి నేరుగా రైలు నడుస్తోందనీ, ఆ రైలు ఆగే షౌల్యాయ్‌లో దిగితే శిలువల కొండను కూడా చూడవచ్చనీ చెప్పాడు. వంటగది లేని హాస్టల్ ఎంత చౌక అయినా తీసుకోవద్దన్నాడు. శాకాహారులకు అదే పెద్ద మేలు చేసిన సలహా. అడవిలో నడిచినప్పుడు పొడుగు సాక్సులు వేసుకోవాలనీ, సాయంత్రం కాళ్ళూ మోకాళ్ళ వెనకా పిడుదులు పట్టాయేమో తప్పకుండా చూసుకోవాలనీ, ఆ పిడుదుల వల్ల మెదడువాపు లాంటి జబ్బులు వస్తాయనీ మూడుసార్లు హెచ్చరించాడు. జూన్ 23, 24 తేదీలు లాత్వియాలో సెలవు దినాలని, కావలసినవి ముందే కొనిపెట్టుకోవాలని కూడా చెప్పాడు. తమ్ముడూ, నువ్వు చెప్పినవాటిలో మేము సరిగా పాటించనిది ఈ చివరిదొక్కటే, దాని ఫలితం కింద రాశాను.

విల్నియస్ పాతబస్తీలో మేము దిగిన హాస్టల్‌ను నడిపే పెద్దావిడకు రెండవ నమస్కారం. మొదటి రోజు రాత్రి మేము బియ్యం కడుగుతూ సరైన గిన్నె లేక అవస్థ పడుతుంటే, తన ఇంటి నుంచి మందపాటి గిన్నె తెచ్చి ఇవ్వడమే కాక, మేము మాంసం తినమని తెలుసుకుని మర్నాడు మా కోసం షాల్టిబార్ష్చాయ్ చేసి పెట్టారు. చిలికిన పెరుగులా పుల్లగా ఉండే కెఫీర్‌లో బీట్‌రూట్, దోసకాయ, సోయకూర (డిల్) వేసి చల్లగా తాగే గులాబీ రంగు సూప్ అది. పక్కన ఉడికించిన వేడి బంగాళాదుంపలు. మామూలుగా వేసే గుడ్డును మా కోసం వేయలేదు. మజ్జిగ తాగి పెరిగిన మా ఇద్దరికీ ఆ గిన్నెతో ప్రాణం లేచివచ్చింది. డబ్బు ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు, తమ భాషలో ఒక సామెత చెప్పారు: "దియెవస్ దావె దంతిస్, దూస్ ఇర్ దూనొస్". దేవుడు పళ్ళిచ్చాడు, రొట్టె కూడా ఇస్తాడని అర్థం. దియెవస్ అన్న మాటలో దేవుడూ, దంతిస్ అన్న మాటలో దంతమూ మాకు అర్థం చెప్పకముందే వినిపించాయి. సంస్కృతానికీ లిథువేనియన్ భాషకూ దూరపు చుట్టరికం ఉందని ఎక్కడో చదివాను కానీ, పొయ్యి పక్కన నిలబడి చెవులారా వినడం వేరు. నారు పోసినవాడు నీరు పోయడా అనే మన సామెతను నేను చెప్పి, వరి నారు అంటే ఏమిటో చేతులతో చూపించి వివరించాను. ఆమె దాన్ని ఒక చీటీ మీద తమ లిపిలో రాసుకున్నారు.

ఆమెకు నేను మరొక ఋణం కూడా పడ్డాను. ఒక మధ్యాహ్నం పని ఆపుకుని మమ్మల్ని కథీడ్రల్ చౌరస్తాకు తీసుకువెళ్ళి, నేలలో పొదిగిన ఒక పలకను చూపించారు. 1989 ఆగస్టు 23న మూడు బాల్టిక్ దేశాల ప్రజలు, దాదాపు 20 లక్షల మంది, ఎస్టోనియా రాజధాని టాలిన్ నుంచి రీగా మీదుగా విల్నియస్ దాకా 600 కిలోమీటర్లకు పైగా చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. ఆ పలక దానికి గుర్తు. తమ దేశాలను పంచుకోవడానికి సోవియట్ యూనియనూ నాజీ జర్మనీ రహస్యంగా ఒప్పందం చేసుకున్న రోజుకు అప్పటికి సరిగ్గా 50 ఏళ్ళు. 1989లో ఆ రోజు ఆమె తన తండ్రి చేయి పట్టుకుని ఊరి వెలుపలి రోడ్డు మీద నిలబడ్డారట. ఎడమ వైపు ఉన్న మనిషి ఎవరో ఇప్పటికీ తెలియదని ఆమె చెప్పినప్పుడు మా చెల్లెలు ఆమె ఎడమ చేయి పట్టుకుంది.

షౌల్యాయ్ దగ్గర డొమాంతాయ్ అనే స్టాపు పేరు మాకు పలకడం రాకపోతే, కాగితం మీద చదివి, అక్కడికి రాగానే బస్సు ఆపి, శిలువల కొండకు వెళ్ళే రెండు కిలోమీటర్ల దారిని వేలితో చూపించిన డ్రైవరుకు కృతజ్ఞతలు. 1961లో సోవియట్ ప్రభుత్వం బుల్‌డోజర్లతో తొక్కించినా, జనం మళ్ళీ మళ్ళీ తెచ్చి నాటిన శిలువలవి.

ఇక లాత్వియాలోని లీగత్నే ఊరు. జూన్ 23న మేము సిగుల్డా నుంచి గౌయా నది వెంట మెజ్‌తాకా అనే అడవి బాటలో నడవడం మొదలుపెట్టాము. లిథువేనియా నుంచి టాలిన్ దాకా 2,000 కిలోమీటర్లకు పైగా సాగే బాట అది. చెట్ల మీద తెలుపు, నారింజ, తెలుపు పట్టీలు చూసుకుంటూ వెళ్ళాలి, రుసుమేమీ లేదు. తిండి ముందే కొనిపెట్టుకున్నాము. కానీ సెలవు రోజున బస్సుల వేళలు కూడా మారతాయని మాకు తోచలేదు. లీగత్నే ఊరికీ దాని పేరున్న రైలు స్టేషనుకూ మధ్య కొన్ని కిలోమీటర్ల దూరం ఉంది. ఆ దూరానికి మేము నమ్ముకున్న బస్సు ఆ రోజు లేదు. అంతకు గంట ముందే ఇసుకరాతి గుట్ట దిగుతూ చెల్లెలి కాలు బెణికి, చీలమండ వాచిపోయింది. రోడ్డు పక్కన దాన్ని కూర్చోబెట్టి నేను ఏం చేయాలో తెలియక నిలబడి ఉండగా, పైన బర్చ్ కొమ్మలు కట్టుకున్న కారొకటి మమ్మల్ని దాటి, ఆగి, వెనక్కి వచ్చింది.

అందులో ఉన్న భార్యాభర్తలూ, వారి తల్లీ, ఇంగ్లీషు వచ్చిన పదహారేళ్ళ కూతురూ మమ్మల్ని తమ ఇంటికి తీసుకువెళ్ళారు. ఐసు పెట్టి, కట్టు కట్టారు. పిడుదుల సంగతి నేను మరచిపోయినా ఆ అమ్మాయి మరవలేదు. నా మోకాలి వెనక పట్టిన ఒకదాన్ని సన్నని పట్టకారుతో తలతో సహా లాగి తీసి, కొన్ని వారాల పాటు అక్కడ ఎర్రటి వలయం కానీ, జ్వరం కానీ వస్తే వెంటనే డాక్టరును కలవాలని చెప్పింది. ఇప్పటిదాకా ఏమీ రాలేదు, చల్లగా ఉన్నానమ్మా.

ఆ రాత్రి వారి నడివేసవి పండుగ లీగో. మగవాళ్ళు ఓక్ ఆకుల కిరీటాలు, ఆడవాళ్ళు పూల కిరీటాలు పెట్టుకుంటారు. తంగేడూ గునుగూ కోసం మనం చెలకల వెంట తిరిగినట్టే, వారూ పచ్చిక బయళ్ళలో గడ్డిపూలు ఏరుకొస్తారు. సీమసోపు గింజలు కలిపి ఇంట్లో చేసిన జున్ను, నల్లటి రై రొట్టె మా ముందు పెట్టారు. రాత్రి పది దాటాక పొద్దు గూకింది. అప్పటికే వెలిగించిన నెగడును తెల్లవారేదాకా ఆరనివ్వలేదు. పాటల్లో ప్రతి పాదం చివరా "లీగో, లీగో" అని వస్తుంటే ఆ మాటకు అర్థమేమిటని అడిగాను. ఊగడం అని ఆ అమ్మాయి చెప్పింది. నేనూ చెల్లెలూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ప్రతి పాదం చివరా "ఉయ్యాలో" అని పాడుకునే ఊళ్ళో పుట్టినవాళ్ళం మేము. నేను లేచి, చప్పట్లు కొడుతూ ఒక బతుకమ్మ పాట పాడాను; చెల్లెలు కాలు చాపుకుని కుర్చీలోంచే అందుకుంది; మూడో పాదానికల్లా ఆ ఇంటి నాయనమ్మ మాతో పాటు "ఉయ్యాలో" అనసాగారు. వేరే దేశంలో, కాలు బెణికిన రాత్రి, నాకు పుట్టింటి వాకిట్లో ఉన్నట్టే అనిపించింది. మర్నాడు, అదీ సెలవు రోజే, ఆ ఇంటాయన మమ్మల్ని రీగా వరకూ కారులో దిగబెట్టి, పెట్రోలు డబ్బు కూడా పుచ్చుకోలేదు.

రీగాలో తమ గది మా ఇద్దరికీ ఇచ్చి, తాము పక్క గదిలో నలుగురితో సర్దుకున్న ఇద్దరు తెలుగు అమ్మాయిలకు ఏం చెప్పినా తక్కువే. వారిలో ఒకామె చెల్లెలిని ఆసుపత్రికి తీసుకువెళ్ళి, ఎముక విరగలేదని ఎక్స్‌రేలో తేలేదాకా సగం రోజు అక్కడే ఉంది. ఇంకొకామె నన్ను సెంట్రల్ మార్కెట్‌కు, జెప్పెలిన్ అనే భారీ గాలినౌకల షెడ్ల ఇనుప చట్రాలతో కట్టిన ఆ అయిదు మండపాలకు, తీసుకువెళ్ళి కూరలు ఏరిపెట్టి, సాయంత్రం పప్పుచారు కాచింది.

ఎస్టోనియాలో ఎక్కువ నడవలేకపోయాము. టాలిన్ టౌన్‌హాల్ చౌరస్తాలో 1422 నాటికే ఉన్న మందుల దుకాణం ఇప్పటికీ నడుస్తోంది. చెల్లెలికి కొత్త కట్టు అక్కడే కొన్నాము. దాన్ని ఎలా చుట్టుకోవాలో ఓపికగా నేర్పిన ఆమెకూ, బస్సులో సీటు ఇచ్చిన వారందరికీ మా వందనాలు.

విల్నియస్ అమ్మకు ఆచూ, లీగత్నే కుటుంబానికి పల్దియెస్, టాలిన్ వారికి ఐతా. కృతజ్ఞతలు చెప్పే ఆ మూడు మాటలూ అక్కడే నేర్చుకున్నాను. లీగత్నేకు నువ్వుల ఉండలూ, ఆ అమ్మాయికి మా ఊరి బతుకమ్మ ఫోటోలూ పంపాము. చెల్లెలు ఇప్పుడు మామూలుగా నడుస్తోంది. ఖమ్మం తమ్ముడు తన తల్లికి ఇవ్వమని మాతో ఒక తేనె సీసా, ఒక ఉన్ని శాలువా పంపాడు. వచ్చే ఆదివారం అవి తీసుకుని వారింటికి వెళ్తున్నాను. కొడుకు మాకు చేసినదంతా ఆ తల్లి ఎదుట కూర్చుని, తొందర లేకుండా, మొదటి నుంచీ చెప్పి రావాలని ఉంది.