రేయ్ సీనా, మన దొర మనవడు దొరికినాడ్రా

రేయ్ సీనా,

లేటైనందుకు ఎంతైనా తిట్టుకో, పడతా, ఆ కండక్టర్ కథ మాత్రం మళ్లీ ఎత్తొద్దు. ఇక్కడ గ్లాస్గోలో అంతా బానే ఉంది, రూమ్ మారినా, వంట నేనే, చలి సంగతి అడగొద్దు. అసలు విషయానికొస్తా, చెప్పకపోతే కడుపుబ్బి పోయేట్టున్నా.

మా ఆఫీసోళ్లు సోమవారం వస్తే చాలు "రెండు మన్రోలు ఎక్కినాం" అంటుంటారు. 3000 అడుగులు దాటిన పెద్ద కొండలంట అవి, స్కాట్లాండ్ మొత్తానికి 282, అన్నీ ఎక్కేదాకా కొందరికి నిద్ర పట్టదు. 1891లో ఆ లిస్టు రాసినాయన సర్ హ్యూ మన్రో, బారోనెట్, అంటే ఆ సర్ అనేది తండ్రి నుంచి కొడుక్కి వస్తాది. ఆయన తాత ఎవరనుకున్నావ్? మన థామస్ మన్రో! మీ అవ్వ దండం పెట్టే దొర, మీ వీధి మన్రోలప్ప మామకి పేరిచ్చిన దొర!!

ఇంక ఆగుతానా, రాత్రంతా చదువుతానే ఉన్నా. దొర పుట్టింది ఈ ఊర్లోనే, 1761లో. నాయనది వర్జీనియా వ్యాపారం, అమెరికా యుద్ధంతో మునిగింది. పిల్లోడు 1780లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా మద్రాసులో దిగి జీతంలో మిగిల్చి ఇంటికి పంపేవాడు (మనమేం కొత్తగా చేస్తాన్నాం చెప్పు). మన సీమలో కలెక్టర్‌గిరీ, రైతే నేరుగా సర్కారుకి శిస్తు కట్టే రైత్వారీ, అదంతా బళ్లో సారు బెత్తంతో నేర్పినాడు కదా. యాభై దాటినాక 1814లో జేన్ క్యాంప్‌బెల్‌తో పెళ్లి, 1820లో మద్రాసు గవర్నరు, 1825లో బారోనెట్.

ఇప్పుడు విను. 1826లో చిన్నకొడుకు క్యాంప్‌బెల్, మూడేళ్లు కూడా నిండలేదు, ఒంట్లో బాగలేక వాళ్లమ్మ ఓడెక్కించి తీసుకుపోయింది. ఈయనేమో రాజీనామా పంపినా, కొత్త గవర్నరు వచ్చేదాకా కదిలే దారి లేదు. పోయేముందు సీమను ఒకసారి చూసొద్దామని బయల్దేరినాడు. 1827 జులై 6, పత్తికొండలో కలరా. పొద్దున పట్టుకుంది, రాత్రికి అయిపోయినాడు. పెండ్లాం బిడ్డలు సముద్రానికి అవతల. అది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేసినా.

అయితే ఆ రోగిష్టి పిల్లోడు ఎన్నాళ్లు బతికినాడో తెలుసా, 1913 దాకా! 1901లో అన్న పోయినాక బిరుదు కూడా ఈయనకే వచ్చింది. ఈయన కొడుకే కొండల హ్యూ. అంత లిస్టు రాసి, స్కై దీవిలో ఒక నిట్టనిలువు రాతిమొన లొంగకుండానే 1919లో ఆయన పోయినాడు.

ఇక్కడోళ్లకి హ్యూ అంటే అందరికీ తెలుసు, తాత మాటెత్తితే మొహాలు చూసుకుంటారు. నాకు కోపమొచ్చింది, ఎందుకో మరి, దొర వచ్చిందేమో మన శిస్తు వసూలుకే కదా. మీ ముత్తాతలు పాలెగాళ్లంటివే, వాళ్లని అణిచిందీ ఈ దొరే, అవ్వకి మాత్రం చెప్పొద్దు. ఇంకా మద్రాసులో దొర విగ్రహం ఉంది చూడు, ఆ జీను లేని గుర్రం కింద నువ్వు చేసిన నిర్వాకం గుర్తొచ్చి... సరే, అది రాతలో వద్దులే.

ఈ శనివారం బెన్ లోమండ్ ఎక్కుతాన్నా, అదీ మన్రోనే. ట్రైన్ టైమైంది, ఉంటా. పత్తికొండలో దొర పేరున కట్టిన మెట్లబావి ఫోటో తీసి పంపు, మా వాళ్లకి చూపియ్యాల

నీ
బాషా