నింద పడి కూడా అమ్మను విడిచిపెట్టని వారికి కృతజ్ఞతలు

మా అమ్మ గత కార్తీక మాసంలో పొందూరులోని మా ఇంటి పెరట్లో నీళ్ల తొట్టి దగ్గర జారిపడింది. తుంటి ఎముక విరిగింది. శ్రీకాకుళం పట్టణంలోని ఒక ఆసుపత్రిలో మూడో రోజున శస్త్రచికిత్స చేశారు. ఎముక సవ్యంగా కుదిరి, ఇప్పుడు చేతికర్ర సాయంతో ఇల్లంతా తిరుగుతోంది. ఇంతవరకు బంధుమిత్రులందరికీ తెలిసినదే. ఆ శస్త్రచికిత్స తర్వాత ఆరు రోజుల పాటు అమ్మ అమ్మలా లేదన్న సంగతిని మాత్రం మేమే ఇన్నాళ్లూ బయటికి చెప్పుకోలేకపోయాం. ఆ ఆరు రోజుల్లో మమ్మల్ని ఆదుకున్న వారికి పేరు పేరునా కృతజ్ఞతలు చెప్పాలని ఉంది కానీ, పేర్లు రాయవద్దని వారు కోరినందువల్ల వారు చేసిన పనులనే రాస్తున్నాను.

అందరికంటే ముందు ఆ వార్డు ఆయమ్మకు నేను క్షమాపణ చెప్పుకోవాలి. శస్త్రచికిత్స జరిగిన మర్నాడు, దీపాలు పెట్టే వేళ, అమ్మ రెండు చెవులూ తడుముకుని, దుప్పటి మారుస్తున్న ఆయమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఈ గుంటే నా కమ్మలు ఒలిచీసింది" అని వార్డంతా వినబడేలా కేకలు వేసింది. ఆ కమ్మలను ఆపరేషన్ థియేటర్‌కు తీసుకువెళ్లే ముందు నేనే తీసి నా సంచీలో దాచాను. వెంటనే తెచ్చి చూపించాను. అమ్మ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, ఇవి గిల్టువని, అసలువి మార్చేశారని, నేను కూడా వాళ్లతో కలిసిపోయానని అంది. పక్క మంచాల వాళ్లు తమ సంచులు దగ్గరికి లాక్కున్నారు. ఆసుపత్రిలో పనిచేసే మనిషికి దొంగతనం నింద ఎంత ప్రమాదమో, దానితో జీవనాధారమే పోవచ్చునని తెలిసి నాకు నోట మాట రాలేదు. ఆమె మాత్రం తన చెయ్యి విడిపించుకోవడానికి కూడా ప్రయత్నించకుండా, "మామ్మకి ఒంట్లో బాగోక అంటన్నారు, మీరేడవకండమ్మా" అని నన్నే ఓదార్చింది. రాత్రి పది గంటలకు తనంతట తానే మళ్లీ వచ్చి, నా చేతి గంజిలో విషం ఉందని ముఖం తిప్పుకున్న అమ్మకు తన చేత్తో నాలుగు చెంచాలు తాగించింది.

ఆ రాత్రి, ఆ మరుసటి రాత్రి మేము చేసిన తప్పులు కూడా చెప్పాలి. "నువ్వెవలివి, నా కూతురు ముఖం పెట్టుకొచ్చావు" అని అమ్మ అన్నప్పుడల్లా నేను వాదించాను. పుట్టిన తేదీ చెప్పాను, తమ్ముడి ఫొటో చూపించాను. నేను వాదించిన కొద్దీ ఆమె భయం పెరిగింది. సెలైన్ గొట్టం లాగేసుకుంటోందని రెండు చేతులూ గుడ్డతో మంచానికి కడతామంటే ఒప్పుకున్నాను. నిద్ర పట్టడానికని ఇచ్చిన ఇంజెక్షన్‌తో రెండు గంటలు పడుకుని, లేచాక మునుపటికంటే ఎక్కువ కలవరపడింది. చూడడానికి వచ్చిన వారిలో ఒకరు గాలి సోకిందన్నారు, ఒకరు పెద్దతనంలో మతి పోయిందని, ఇక ఇంతేనని అన్నారు. అరసవల్లి సూర్యనారాయణ స్వామికి మొక్కుకుని తెల్లవారేదాకా కూర్చున్నాను.

మూడో రోజు ఉదయం వచ్చిన ఫిజీషియన్ డాక్టరు గారికి మా కుటుంబమంతా రుణపడి ఉంటుంది. ఆయన అమ్మ కేస్ షీటు తెరవడానికి ముందే నన్ను అడిగిన ప్రశ్న, "పడిపోవడానికి ముందు రోజు ఈమె ఎలా ఉండేవారు?" అని. లెక్కలన్నీ నోటితోనే చేసేదని, రోజూ నూలు వడికేదని చెప్పాను. అప్పుడు ఆయన అమ్మ మంచం పక్కన కుర్చీ వేసుకుని, వారాల పేర్లు ఆదివారం నుంచి వెనక్కి చెప్పమన్నారు. అమ్మ ఆదివారం, శనివారం, శుక్రవారం అని, అక్కడ ఆగి, శుక్రవారం వాకిట్లో ముగ్గు పెట్టలేదన్న దిగులులోకి వెళ్లిపోయింది. మళ్లీ అడిగితే మళ్లీ అక్కడే ఆగింది. ఇది పిచ్చి కాదని, మతిమరుపు జబ్బు కూడా కాదని, మతిమరుపు నెలల మీద, ఏళ్ల మీద వస్తుందని, ఇలా ఉన్నట్టుండి మొదలై, పగలు తగ్గి సాయంత్రానికి పెరుగుతూ, మనసు ఒకచోట నిలవకుండా చేసేదాన్ని డెలీరియం అంటారని ఆయన వివరించారు. నాకు అర్థం కాలేదని గ్రహించి, "మన పెద్దవాళ్లు సంధి ప్రేలాపన అనేవారే, అదే" అన్నారు. జ్వరం ముదిరినప్పుడు సంధి పుట్టిందని మా నాయనమ్మ అనడం నాకు గుర్తుంది. జ్వరం లేకుండా కూడా అది వస్తుందని, 65 ఏళ్లు దాటిన వారిలో పెద్ద ఆపరేషన్ల తర్వాత, ముఖ్యంగా తుంటి ఎముక, గుండె ఆపరేషన్ల తర్వాత, చాలా తరచుగా కనబడుతుందని నాకు అంతవరకు తెలియదు. సంతకాలు పెట్టించుకున్న కాగితాల్లో రక్తస్రావం గురించి, ఇన్ఫెక్షన్ గురించి ఉంది కానీ దీని గురించి ఒక్క మాట లేదు. ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ రెండు రాత్రులు నేను అమ్మతో వాదించేదాన్ని కాదు, ఆమె చేతులు కట్టనిచ్చేదాన్నీ కాదు.

డాక్టరు గారు కారణాలు వెతికారు. రక్తంలో సోడియం 135కు పైన ఉండవలసింది 122కు పడిపోయింది. అమ్మ వాడుతున్న బీపీ మాత్రలో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు ఉండడం, పడిన రోజు నుంచి సరిగా తినకపోవడం దానికి కారణాలన్నారు. మూత్రపు గొట్టం తీసేశాక మూత్రం పూర్తిగా రాక మూత్రాశయంలో నిండిపోయి ఉంది. అయిదు రోజులుగా విరేచనం లేదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా పెద్ద వయసువారి మెదడు తడబడుతుందట, అమ్మకు మూడూ కలిశాయి. ఆ బీపీ మాత్రను, నిద్ర మందును ఆపించారు, చేతుల కట్లు విప్పించారు, నొప్పికి తగిన మందు మాత్రం వేళకు ఇమ్మన్నారు, ఎందుకంటే తీరని నొప్పి కూడా ఈ కలవరాన్ని పెంచుతుందట. సోడియం త్వరగా ఎక్కించమని మేము తొందరపెడితే, వేగంగా పెంచితే మెదడుకే దెబ్బ తగులుతుందని, 24 గంటల్లో ఎనిమిదికి మించి పెరగనివ్వనని ఓపికగా చెప్పారు.

ఆ రోజు మధ్యాహ్నం మా వీధిలో అమ్మతో పాటు నలభై ఏళ్లుగా నూలు వడుకుతున్న అత్త పొందూరు నుంచి బస్సెక్కి వచ్చింది. అప్పటికి అమ్మ వేళ్లు నిలవకుండా దుప్పటిని గిల్లుతున్నాయి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి దుప్పటి మీద నుంచి కనబడనిదేదో తీసి పక్కన పెట్టడం, మళ్లీ తీయడం. అలా పక్కబట్టలు పీకడం చివరి ఘడియల లక్షణమని ఒక పెద్దాయన నా చెవిలో చెప్పి వెళ్లారు. అత్త మంచం దగ్గర నిలబడి ఒక నిమిషం ఆ వేళ్లనే చూసి, "ఓలమ్మా, పత్తి ఏరతందే" అంది. నిజమే. మా ఊరి పద్ధతిలో వాలుగ చేప దవడతో దువ్వడానికి ముందు పత్తిలోని నలుసులను అమ్మ తీసే తీరు అదే. అత్త తన సంచీలో నుంచి చిన్న పత్తి ఉండ తీసి అమ్మ అరచేతిలో పెట్టింది. అమ్మ దాన్ని వేళ్లతో విప్పింది, పీచు పీచుగా లాగింది, ఒక నలుసు తీసి దుప్పటి అంచున పెట్టింది, ఆ తర్వాత సెలైన్ గొట్టం జోలికి పోలేదు. రెండు రోజుల తర్వాత మొదటిసారిగా ఆమె నుదుటి ముడతలు వదులు కావడం చూశాను.

ఆ అత్తే అమ్మ కళ్లజోడు, చెవి మిషను కూడా తెచ్చింది. పోతాయేమోనన్న భయంతో వాటిని నేనే ఇంట్లో వదిలి వచ్చాను. సరిగా చూడలేని, వినలేని మనిషిని పగలూ రాత్రీ ఒకేలా దీపాలు వెలిగే గదిలో పడుకోబెట్టి, తనెక్కడుందో తెలుసుకోలేదని బాధపడ్డాను. వీటి విలువ ఏపాటిదో ఇంటికి వచ్చాక చదివి తెలుసుకున్నాను. 1999లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, అమెరికాలో 70 ఏళ్లు, ఆపైన ఉన్న 852 మంది రోగులను, శస్త్రచికిత్స కాని సాధారణ వైద్య వార్డుల్లోనే, పరిశీలించారు. కళ్లజోడు, వినికిడి, నిద్ర, నీళ్లు తాగించడం, లేపి నడిపించడం, పలకరించడం వంటి వాటిని పట్టించుకున్న చోట 9.9 శాతం మందికి, మామూలుగా చూసిన చోట 15 శాతం మందికి డెలీరియం వచ్చింది. ఆయమ్మలు, అత్తలు చేయగల పనులే అవన్నీ.

రాత్రి డ్యూటీ సిస్టర్ గారికి కూడా ప్రత్యేకంగా నమస్కరిస్తున్నాను. నాలుగో రోజున అమ్మ కేకలు మానేసి, పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసుకుంటూ పడుకుంటే, నెమ్మదించిందని మేము సంతోషించాం. ఆమె మాత్రం ఇది నయం కావడం కాదని, అదే జబ్బు మౌనంగా ఉండే రూపమని, గొడవ చేయరు కనుక ఇలాంటి వారిని ఎవరూ పట్టించుకోరని చెప్పి, అర్ధరాత్రి డాక్టరు గారికి ఫోన్ చేశారు. మంచాన్ని తూర్పు కిటికీ పక్కకు జరిపించారు. తెల్లవారగానే తెర తీసి, "మామ్మా, సూర్యుడొచ్చాడు, ఇవాళ గురువారం, మీరు ఆసుపత్రిలో ఉన్నారు" అని ప్రతిరోజూ చెప్పేవారు. ఆరో రోజు ఉదయం అమ్మ ఆ వెలుతురుకు చేతులు జోడించి, నా వైపు తిరిగి, నువ్వు టీ తాగావా అని అడిగింది.

పూర్తిగా తేరుకోవడానికి మూడు వారాలు పట్టింది. అంతా మరిచిపోయిందనుకున్నాం కానీ, సంక్రాంతి ముందు ఒక రోజు ఏకులు సర్దుకుంటూ, "ఆ గుంటని నాను ఏటన్నానే?" అని అడిగింది. దాచకుండా చెప్పాను. ఆ పూట అన్నం తినలేదు. అది నువ్వు కాదమ్మా, జబ్బు అన్నాను. నోరు నాదే కదా అంది.

ఎక్స్‌రే కోసం మళ్లీ ఆసుపత్రికి వెళ్లిన రోజున, నడవలేనన్నా వినకుండా కర్ర పట్టుకుని ఆ వార్డుకే వెళ్లింది. ఆనాటి మంచాల మీద ఇప్పుడు వేరే వాళ్లున్నారు, వారికి ఏ సంగతీ తెలియదు. అయినా అమ్మ వార్డు మధ్యలో నిలబడి, అప్పుడెంత గట్టిగా అరిచిందో అంత గట్టిగానే, తన కమ్మలు తన చెవులకే ఉన్నాయని, ఈ అమ్మాయి ఏదీ తీయలేదని చెప్పింది. ఆయమ్మ చేతిలోని దుప్పట్లు మంచం మీద పెట్టి వచ్చి, అమ్మ ఎడమ చెవి కమ్మకు వదులైన శీలను బిగించి, పై అంతస్తులో పని ఉందని వెళ్లింది.