మంత్రి గారూ, ఉద్యోగాలు అడగడం లేదు, తేదీలు ఇవ్వండి చాలు

కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. మీ శాఖ పేరులో కుటుంబం అనే మాట ఉంది కాబట్టి ఈ ఉత్తరం సరైన చోటికే రాస్తున్నాననుకుంటున్నాను.

నేను డాక్టర్ని కాను, డాక్టర్ భార్యని. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ల ముఖంలో "నీకేం తక్కువమ్మా" అని కనిపిస్తుంది. మావారి చదువు లెక్క చెప్తాను వినండి. నాలుగున్నరేళ్ల ఎంబీబీఎస్, ఏడాది ఇంటర్న్‌షిప్, పీజీ సీటు కోసం ఇంట్లో కూర్చుని చదివిన కాలం, మూడేళ్ల ఎండీ, ఇప్పుడు ఎండీ తర్వాత చేసే సూపర్ స్పెషాలిటీ కోర్సు, మూడేళ్ల డీఎంలో మొదటి ఏడాది. ఈ వరసలో మా పెళ్లి ఎక్కడో మధ్యలో జరిగింది. నా ఉద్యోగం కూడా ఆ మధ్యలోనే పోయింది.

పోయిందంటే ఎవరో తీసేశారని కాదు. నేను ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో ఎనలిస్టుగా ఆరేళ్లు పనిచేశాను. మందును పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ మిషన్ శబ్దం విని దాంట్లో ఏం తేడా ఉందో చెప్పేదాన్ని, గొప్ప కోసం చెప్పడం లేదు, ఆరేళ్లు ఒకే పని చేస్తే ఎవరికైనా వస్తుంది. 2021లో మావారు పీజీ సీట్ల ప్రవేశ పరీక్ష నీట్ పీజీకి తయారవుతున్నారు. పరీక్ష ఏప్రిల్ 18న అన్నారు. ఆలిండియా కోటాలో సీటు ఏ మూల వస్తుందో తెలీదు, ఎలాగూ వెళ్లిపోతాను కదా అని ఆ మార్చిలో నాకు వచ్చిన టీమ్ లీడ్ అవకాశం వద్దన్నాను. కోవిడ్ వల్ల పరీక్ష వాయిదా పడింది, దానికి ఎవర్నీ ఏమీ అనలేం. సెప్టెంబర్ 11న జరిగింది. ర్యాంకు మంచిదే వచ్చింది. మా కంపెనీలో నోటీస్ పీరియడ్ మూడు నెలలు, కౌన్సెలింగ్ అక్టోబర్ చివర్లో అంటున్నారు, లెక్క సరిగ్గా సరిపోతుందని అక్టోబర్ మొదట్లోనే రాజీనామా ఇచ్చేశాను. ఆ తర్వాత రిజర్వేషన్ల కేసు సుప్రీంకోర్టులో ఉందని కౌన్సెలింగ్ ఆగిపోయింది. డిసెంబర్లో రెసిడెంట్ డాక్టర్లు, అంటే పీజీ చేస్తూ ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్లు, ఢిల్లీలో రోడ్డెక్కారు, గుర్తుండే ఉంటుంది. 2022 జనవరి 7న కోర్టు అనుమతి ఇచ్చింది, 12న కౌన్సెలింగ్ మొదలైంది. నాకు రిలీవింగ్ లెటర్ చేతికొచ్చింది డిసెంబర్ చివర్లో.

ఆ రోజు హెచ్ఆర్ వాళ్లు ఒక ఫారం ఇచ్చారు. మానేయడానికి కారణం అన్న చోట రీలొకేషన్ అని రాశాను. దాని కిందే 'ఏ ఊరికి' అని ఒక గడి ఉంది. ఏం రాయాలో తెలీలేదు. ఖాళీగా వదిలేశాను. పక్క టేబుల్ అమ్మాయి "అదేంటక్కా, ఎక్కడికెళ్తున్నావో కూడా తెలీకుండానే మానేశావా" అని నవ్వింది. నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాను.

మొదటి రౌండ్లో ఒక రాష్ట్రంలో సీటు వచ్చింది. ఆయన వెళ్లి చేరారు, నేను వెనకాలే వెళ్లి ఇల్లు చూసి అడ్వాన్స్ ఇచ్చాను. రెండో రౌండ్లో ఇంకో రాష్ట్రంలో అంతకంటే మంచి సీటుకు అప్‌గ్రేడ్ అయింది. సంతోషపడాల్సిన విషయమే. ఇంటి ఓనరు మాత్రం అడ్వాన్స్ తిరిగివ్వలేదు. అప్‌గ్రేడ్ అనే మాట వింటే ఇప్పటికీ నాకు ముందు ఆ అడ్వాన్సే గుర్తొస్తుంది.

కొత్త చోట మందుల కంపెనీలు లేవు. భాష రాదు. ఒక స్కూల్లో సైన్స్ ల్యాబ్ చూసుకోమన్నారు, నాలుగు నెలలు చేశాను. తర్వాత మెడికల్ కోడింగ్ నేర్చుకుని, సర్టిఫికేషన్ పరీక్ష రాసి, ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగం తెచ్చుకున్నాను. ఎక్కడో అమెరికాలో డాక్టరు రాసిన నోట్స్ చదివి, రోగానికో కోడ్, చేసిన వైద్యానికో కోడ్ వేయడం ఆ పని. చెడ్డ పనేం కాదు, బుర్ర పెట్టాల్సిన పనే. కానీ నేను ఎంచుకున్న పని కాదు. లాప్‌టాప్ ఎక్కడికైనా మోసుకెళ్లొచ్చు, హెచ్‌పీఎల్‌సీ మోసుకెళ్లలేం, తేడా అంతే. ఆ మధ్య పాత లైన్లోకి వెళ్దామని ఒక ఇంటర్వ్యూకి వెళ్తే, మూడేళ్ల గ్యాప్ ఎందుకొచ్చిందని అడిగారు. మా ఆయన పీజీ అన్నాను. "ఆయన పీజీ సరే, మీరేం చేశారు" అన్నారు. తప్పు ప్రశ్న కాదు.

నేను సానుభూతి కోసం రాయడం లేదు మంత్రి గారూ. డాక్టర్లు కష్టపడతారని తెలిసే పెళ్లి చేసుకున్నాను, రాత్రి డ్యూటీలు ఉంటాయనీ తెలుసు. నాకు తెలియనిదల్లా ఒక్కటే, ఈ చదువులో ఎప్పుడు ఏం జరుగుతుందో చెప్పేవాళ్లు ఎవరూ ఉండరని. కష్టమైన పని చుట్టూ ఇంకో ఉద్యోగాన్ని సర్దుకోవచ్చు. తేదీ లేని పని చుట్టూ సర్దుకోలేం.

2021లో పోయిన ఆ నెలలు ఎంత దూరం వచ్చాయో చూడండి. ఆలస్యంగా చేరిన ఆ బ్యాచ్ 2025 జనవరికి గానీ ఎండీ పూర్తి చేయదు. అందుకని 2024లో జరగాల్సిన సూపర్ స్పెషాలిటీ పరీక్షను 2025 మార్చి 29, 30 తేదీలకు జరిపారు. అది మా బ్యాచ్ మంచికే జరిగింది, కాదనను. కానీ ఒక ఏడాది జారిన క్యాలెండర్ మూడేళ్ల తర్వాత కూడా మనుషుల్ని తంతూనే ఉంది. మా ఇంట్లో బిడ్డను ఎప్పుడు కనాలన్న నిర్ణయం కూడా పరీక్ష నోటిఫికేషన్ చూసుకుని తీసుకున్నాం. ఇది జోకు కాదు.

కోవిడ్ పోయాకైనా బాగుపడిందా అంటే, 2024 నీట్ పీజీ తేదీలు గుర్తు చేస్తాను. ముందు మార్చి 3, తర్వాత జులై 7, మళ్లీ జూన్ 23. జూన్ 22 రాత్రి, పొద్దున పరీక్ష అనగా, వేరే ఊళ్లలో సెంటర్లు పడినవాళ్లు లాడ్జిల్లో దిగాక, వాయిదా అన్నారు. చివరికి ఆగస్టు 11న జరిగింది. 2025లో జూన్ 15 అన్నది, రెండు షిఫ్టులు వద్దు ఒకే షిఫ్టులో పెట్టండని సుప్రీంకోర్టు చెప్పాక ఆగస్టు 3 అయింది. ఒకే షిఫ్టు న్యాయమే, ఆ విషయం ముందే ఆలోచించి ఉంటే కోర్టు దాకా వెళ్లేది కాదు. ప్రతి వాయిదాకూ విడిగా చూస్తే ఒక కారణం ఉంటుంది. ఆ కారణాలన్నీ కలిపితే నాలాంటి వాళ్ల రెజ్యూమెలో ఒక గ్యాప్ అవుతుంది, దాన్ని ఏ కంపెనీకీ కారణంగా చూపించలేం.

అమెరికాలో రెసిడెన్సీ సీట్ల ఫలితం మార్చి మూడో శుక్రవారం వస్తుంది, చాలా వరకు చేరేది జులై 1న. భార్యాభర్తలిద్దరూ ఒకే ఏడాది దరఖాస్తు పెట్టుకుంటే ఇద్దరి ఎంపికల్నీ జతగా చూసే పద్ధతి అక్కడ 1984 నుంచీ ఉంది. వాళ్ల రెసిడెన్సీ సుఖంగా ఉంటుందని నేను అనను, అక్కడ ఉన్న మా స్నేహితులు చెప్పేది వేరే కథ. కానీ ఆ ఇంట్లో రెండో మనిషికి రాజీనామా ఎప్పుడివ్వాలో తెలుసు. అంతవరకైనా మనం చేయలేమా?

ఇక పని గంటలు. 1992 జూన్ 5న మీ శాఖే ఒక ఆదేశం ఇచ్చింది, రెసిడెంట్ డాక్టర్లకు మామూలుగా వారానికి 48 గంటలు, ఒకేసారి 12 గంటలకు మించి డ్యూటీ ఉండకూడదని. 2023 పీజీ నిబంధనల్లో 'సహేతుకమైన పని గంటలు' అని రాశారు, అంకె లేదు. వారానికో సెలవు, ఏడాదికి 20 రోజుల లీవు అన్నారు. 2024లో జాతీయ వైద్య కమిషన్ (ఎన్ఎంసీ) టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు దాటకూడదని చెప్పింది. అంటే ముప్ఫై రెండేళ్లలో 48 కాస్తా 74 అయింది, అది కూడా సిఫార్సుగానే. మావారి ఎండీ మొదటి ఏడాదిలో 74 అంటే పండగే.

గంటలు తగ్గించమని డాక్టర్లు చాలా ఏళ్లుగా అడుగుతున్నారు, వాళ్ల మాట వాళ్లే చెప్పుకోగలరు. మా వైపు నుంచి నేను అడిగేది దానికంటే చిన్నది. రోస్టర్ ముందే ఇవ్వండి. రేపు డ్యూటీ ఉందో లేదో ఈ రాత్రి వాట్సాప్‌లో తెలిసే ఇంట్లో, రెండో మనిషి షిఫ్టు ఉద్యోగం చేయలేదు, వారాంతం క్లాసుకు చేరలేదు, చంటిబిడ్డను ఎవరు చూస్తారో చెప్పలేదు. నెల రోస్టర్ నెల ముందు గోడకు అంటించడానికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక కాగితం చాలు. జిల్లా ఆస్పత్రిలో చేయాల్సిన మూడు నెలల డీఆర్‌పీ (జిల్లా రెసిడెన్సీ కార్యక్రమం) కూడా అంతే. మూడో సెమిస్టర్లోనా, ఐదో సెమిస్టర్లోనా, ఏ జిల్లాలో అన్నది ఆర్నెల్ల ముందు చెప్తే ఇల్లు సర్దుకుంటుంది. మాకు పదిహేను రోజుల ముందు తెలిసింది.

నా కథ ఒక్కటే అయితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. మావారి బ్యాచ్‌లో ఒకరి భార్య స్టాఫ్ నర్సు, పన్నెండేళ్ల అనుభవం. కొత్త రాష్ట్రంలో పనిచేయాలంటే పాత రాష్ట్రం నర్సింగ్ కౌన్సిల్ నుంచి ఎన్ఓసీ, కొత్త కౌన్సిల్లో రిజిస్ట్రేషన్. ఆ కాగితాలు తిరిగొచ్చేలోపు ఎనిమిది నెలలు ఇంట్లోనే ఉంది. అదే ఆస్పత్రిలో నర్సులు చాలట్లేదని బోర్డు పెట్టారు! ఇది మీ శాఖ పరిధిలోదే, దేశమంతటికీ నర్సుల రిజిస్టర్ ఒకటి ఉండాలని 2023లో పార్లమెంటు చట్టం చేసింది కూడా. దాన్ని త్వరగా నిజం చేయండి. లాయర్లకు చూడండి, 1961 నాటి అడ్వకేట్స్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రం రోల్ నుంచి ఇంకో రాష్ట్రానికి పేరు మార్చుకోవడానికి ఫీజు కూడా లేదు. అరవై ఏళ్ల కిందట లాయర్లకు తట్టింది నర్సుల దగ్గరికి ఇంకా రాలేదు. టీచర్లది ఇంకో బాధ, ఒక రాష్ట్రం టెట్ రాసినవాళ్లకు ఇంకో రాష్ట్రంలో భాషా అడ్డమే, స్థానికతా అడ్డమే.

భర్తలూ ఉన్నారండోయ్. మా పక్క పోర్షన్లో ఒకాయన ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం మానేసి భార్య పీజీ కోసం వచ్చారు. ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పుకుంటారు. నేను మానేస్తే త్యాగం అన్నారు, ఆయన మానేస్తే చేతకానితనం అన్నారు. రెండు మాటలూ నాకు నచ్చలేదు.

ఇంకో లెక్క ఎవరూ గమనించినట్టు లేదు. పర్మనెంట్ ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే ఒకే సంస్థలో ఐదేళ్లు చేయాలి. ఎండీ మూడేళ్లు, డీఎం మూడేళ్లు. డాక్టర్ వెంట ఊరూరా తిరుగుతూ ఉన్నచోట ఉద్యోగం చూసుకునే మనిషికి ఆ ఐదేళ్లు ఎప్పుడు నిండుతాయి? ప్రసూతి సెలవు జీతం రావాలంటే కాన్పు తేదీకి ముందు ఏడాదిలో ఆ సంస్థలో 80 రోజులు పనిచేసి ఉండాలి. కోడింగ్ ఉద్యోగంలో చేరేటప్పటికి నాకు నాలుగో నెల. క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రోజులు కొట్టేసుకుంటూ వచ్చాను, సెలవు పెట్టినరోజు గుండె దడే. నాకు 80 నిండాయి. నిండనివాళ్లు నాకు తెలుసు.

"డాక్టర్ గారికి స్టైపెండ్ వస్తుంది కదా" అంటారు. వస్తుంది, రాష్ట్రానికో రకంగా, కొన్ని కాలేజీల్లో నెలల తరబడి ఆలస్యంగా. మా ఇంటి అద్దె మూడేళ్లూ నా జీతంలోంచే వెళ్లింది, ఎందుకంటే పీజీ హాస్టల్లో ఇద్దరు డాక్టర్లకు ఒక గది ఇచ్చారు, భార్యాపిల్లలకు చోటు లేదు. దేశానికి ఒక స్పెషలిస్టు తయారవడంలో నాలాంటి వాళ్ల జీతాలు కూడా ఖర్చవుతున్నాయి, మీ పద్దుల్లో ఎక్కడా కనిపించవు అంతే.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే భార్యాభర్తల్ని వీలైనంత వరకు ఒకేచోట పోస్ట్ చేయాలని 2009 సెప్టెంబర్ 30న సిబ్బంది శాఖ ఉత్తర్వు ఉంది. అంటే ఇది తప్పుడు కోరిక కాదని ప్రభుత్వం ఎప్పుడో ఒప్పుకుంది. పీజీ డాక్టర్ ఉద్యోగి కాదు, విద్యార్థి. కాబట్టి ఆ ఉత్తర్వు వర్తించదు. కానీ డ్యూటీ విషయానికొస్తే ఉద్యోగి కంటే ఎక్కువ. ఎటు లాభమో అటు లెక్కేస్తారు. మధ్యలో కాలేజీ మారడానికి వీల్లేదు. మార్కులూ ర్యాంకులూ తారుమారవుతాయనే భయం నాకు అర్థమవుతుంది. అందుకే బదిలీ అనడం లేదు, మార్పిడి అంటున్నాను. ఒకే బ్రాంచి, ఒకే ఏడాది, ఒకే రకం ప్రభుత్వ కాలేజీ, ఇద్దరికీ ఇష్టమై, రెండువైపులా జీవిత భాగస్వామి ఉద్యోగం కారణమైతే ఒక్కసారి మార్చుకోనివ్వండి. ఒక్క సీటు కూడా అటూ ఇటూ కాదు. చదువయ్యాక కొంతకాలం ప్రభుత్వ ఆస్పత్రిలో పనిచేయాలనే బాండ్ ఉన్న రాష్ట్రాల్లోనూ ఏ ఆస్పత్రికి పంపుతారో ఆఖరి ఏడాది మొదట్లోనే చెప్పమని రాష్ట్రాలకు రాయండి. చదువు అయిపోయాక ఆర్డర్ కోసం నెలల తరబడి సంచులు కట్టుకుని కూర్చున్న జంటలు ఉన్నారు. భార్యో భర్తో ఉద్యోగం చేసే జిల్లాను, అది ప్రైవేటు ఉద్యోగమైనా సరే, చూడమని ఒక్క వాక్యం కలపండి.

అన్నిటికంటే ముందు క్యాలెండర్. పరీక్ష, ఫలితం, మొదటి రౌండ్, ఆఖరి రౌండ్, చేరే రోజు, అన్నీ ఏడాది ముందు గెజిట్‌లో పెట్టండి. మార్చాల్సి వస్తే కనీసం రెండు నెలల ముందు, కారణం రాసి మార్చండి. పొద్దున పరీక్ష అనగా రాత్రి కాదు.

మా కోడింగ్ కంపెనీ వాళ్లు ఇప్పుడు అందర్నీ ఆఫీసుకు రమ్మంటున్నారు. నేను ఉండే చోట వాళ్లకు ఆఫీసు లేదు. ఇంకొంతకాలం ఇంటి నుంచే చేయనివ్వమని మేనేజర్‌ను అడిగితే మంచిగానే మాట్లాడింది, ఒక ఫారం పంపింది. ఎందుకు అన్నచోట భర్త చదువు అని రాశాను. దాని కింద 'ఏ తేదీ వరకు' అని ఒక గడి ఉంది. డీఎం 2028లో అయిపోవాలి, ఆ తర్వాత ఎక్కడో, ఎప్పుడో నాకు తెలీదు. ఫారం ఈ శుక్రవారం లోపు పంపాలి.

ఇట్లు,
ఒక రెసిడెంట్ డాక్టర్ భార్య